కదురు గెలాక్సీకి ఓరచూపు

(కొత్త అమావాస్య సాయంత్రం, ఉత్తరాంధ్రలో ఒక మామిడి తోటలో, రాత్రి ఆకాశాన్ని చూసే ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

కూర్చోండి, కూర్చోండి. వెనకున్నవాళ్లు కొంచెం ముందుకి జరగండమ్మా, మైకు లేదు, నా గొంతే మైకు. చాపలు చాలకపోతే ఆ టార్పాలిన్ పరుచుకోండి. రేపు ఉగాది పెట్టుకుని, మామిడాకులు కట్టే పని వదిలేసి ఇంతమంది వచ్చారంటే, ఇంటికెళ్లాక మీకు జరగబోయే మర్యాద ఏమిటో నాకు తెలుసు. మా ఇంట్లోనూ అదే. ఏం చేస్తాం? చంద్రుడు లేని రాత్రి మన పనులు చూసుకుని రాదు కదా.

నిజానికి ఈ కొత్త అమావాస్యకీ, మనం ఇవాళ చూడబోయే గెలాక్సీకీ మంచి పొత్తు ఉంది. ఏటా ఉంటుంది. ఈ రోజులొచ్చేసరికి అది రాత్రి తొమ్మిదిన్నర, పది ప్రాంతానికి దక్షిణాన తన పూర్తి ఎత్తుకి వస్తుంది. మొన్న శివరాత్రికైతే దాదాపు అర్ధరాత్రి వేళకి వచ్చింది. శివరాత్రి కూడా అమావాస్యకి ముందు రోజే కదా, చంద్రుడు తెల్లవారుజాముకి గాని రాడు. జాగారం ఎలాగూ చేస్తారు. టీవీ ముందు జాగారం చేసేవాళ్లు ఒక్క పది నిమిషాలు డాబా ఎక్కితే శివుడేమీ అనుకోడు. వచ్చే ఏడు గుర్తుపెట్టుకోండి.

ఇవాళ ఒక్క గెలాక్సీ గురించే చెబుతాను. ఒక్కటే. జాబితా పట్టుకుని ఒక రాత్రిలో నలభై చూసేవాళ్లున్నారు. నేనూ చేశాను ఆ పని. తెల్లారి లేచాక ఏం గుర్తుంటుంది? తిరునాళ్లలో కొట్లన్నీ తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చినట్టుంటుంది. అందుకని ఇవాళ ఒక్క కొట్టు దగ్గరే నిలబడదాం.

మీలో కదురు చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... అంతేనా? పెద్దవాళ్లే ఎత్తారు. మాది పొందూరు పక్క పల్లె. మా నాయనమ్మ రాట్నం వడికేది. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం, వడకడం, అవన్నీ చూస్తూ పెరిగాను. కదురు అంటే ఏమీ లేదు బాబూ, రాట్నానికుండే సన్నటి ఇనప పుల్ల. నూలు దాని మీద చుట్టుకుంటూ పోతుంది. చుట్టుకున్న కొద్దీ నడుమ లావెక్కుతుంది, రెండు కొనలూ సన్నగా ఉండిపోతాయి. ఆ ఆకారం కళ్లముందు పెట్టుకోండి. నడుమ ఉబ్బు, అటూ ఇటూ మొనలు. ఇంగ్లీషువాళ్లు దీన్ని స్పిండిల్ గెలాక్సీ అన్నారు. అంటే కదురే. నేను కదురు గెలాక్సీ అనే అంటాను. కేటలాగులో పేరు ఎన్‌జీసీ 3115. ఖగోళ రచయిత ప్యాట్రిక్ మూర్ 1995లో చేసిన కాల్డ్‌వెల్ జాబితాలో 53వది. ఒక జాగ్రత్త. డ్రాకో రాశిలో ఎన్‌జీసీ 5866 అని ఇంకోటుంది, దాన్ని కూడా స్పిండిల్ అనే అంటారు. ఊళ్లో ఇద్దరు అప్పారావులున్నట్టు. ఫోన్లో వెతికేటప్పుడు నంబరుతో వెతకండి, పేరుతో కాదు.

ఇది లెంటిక్యులర్ గెలాక్సీ. తెలుగులో కటకాకార గెలాక్సీ అని రాస్తారు, కటకం అంటే లెన్సు. ఆ లెన్సు అనే మాటే ఎక్కడిదో తెలుసా? లాటిన్‌లో లెన్స్ అంటే మసూర్ పప్పు గింజ. గాజుముక్క ఆ గింజలా ఉందని దానికి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు గెలాక్సీకి గాజుముక్క పేరు పెట్టాం. అంటే చుట్టూ తిరిగి పప్పు దగ్గరికే వచ్చాం. నాకైతే పప్పుగింజ గెలాక్సీ అన్నా అభ్యంతరం లేదు.

ఆ పప్పు పోలిక ఊరికే చెప్పలేదు. పొట్టు తియ్యని మసూర్ గింజ ఒకటి, ఎండు బఠాణీ ఒకటి పళ్లెంలో పెట్టి, సరిగ్గా పైనుంచి చూడండి. రెండూ గుండ్రంగానే కనిపిస్తాయి. ఏది బిళ్ల, ఏది బంతి? పైనుంచి తేలదు. కళ్లు పళ్లెం అంచు దాకా దించి పక్కనుంచి చూస్తేనే తేలుతుంది. ఆకాశంలో మన చిక్కంతా అదే. గెలాక్సీ చుట్టూ తిరిగి చూడలేం. అది మనకి ఎటు తిరిగి ఉంటే అటే. కన్యా రాశి గుంపులో ఎం 84, ఎం 86 అని రెండున్నాయి. అవి బంతులా, బిళ్లలా అని ఇప్పటికీ ఒక్కో పుస్తకం ఒక్కో మాట రాస్తుంది. మన కదురు అలా కాదు, పూర్తిగా పక్కకి తిరిగి, అంచు మన వైపు పెట్టి కూర్చుంది. పప్పుగింజని పక్కనుంచి చూపిస్తోందన్నమాట. అందుకే నాకిది అంత ఇష్టం.

అంత తేటగా కనిపిస్తున్నా హబుల్ అంతటివాడు మొదట దీన్ని వేరే అరలో పెట్టాడు. 1926లో ఎడ్విన్ హబుల్ గెలాక్సీలని ఆకారాన్ని బట్టి విడగొట్టినప్పుడు, ఇది ఈ-7లో చేరింది. ఈ అంటే ఎలిప్టికల్, అండాకారం. ఏడు అంటే అందులో బాగా చదునైనది. 1936కి వచ్చేసరికి, ఎలిప్టికల్స్‌కీ, చుట్టలు తిరిగిన చేతులుండే స్పైరల్స్‌కీ మధ్య ఇంకో రకం ఉండాలి అని ఊహించి ఎస్-జీరో అని ఖాళీ గడి ఒకటి పెట్టాడు. ఊహించి పెట్టాడు, గమనించండి. తర్వాత మంచి ఫోటోలు వచ్చాక, ఈ ఈ-7 అనేదాంట్లో పల్చటి బిళ్ల ఉంది, ఇది అండం కాదు అని తేలి, మన కదురు ఆ గడిలోకి మారింది. ఆ బిళ్లని పన్నెండు అంగుళాల వెడల్పు అద్దమున్న టెలిస్కోపులో, ఓపికుంటే, మన కంటితోనే పట్టుకోవచ్చు. ఎలాగో చెబుతాను.

ఇందులో ఏం లేదో ముందు చెప్పాలి. ఏం లేదో తెలియకపోతే నిరాశపడతారు. చుట్టలు తిరిగిన చేతులు లేవు. నల్లటి దుమ్ము చార లేదు. గులాబీరంగు మబ్బులు లేవు. కొత్తగా పుట్టే నక్షత్రాలు లేవన్నట్టే. వాయువంతా ఎప్పుడో అయిపోయింది. ఎలా అయిపోయింది? పెద్ద గుంపుల్లో ఉండే గెలాక్సీలకైతే, గుంపు మధ్యనున్న వేడి వాయువులోంచి పరిగెత్తేటప్పుడు ఒంటిమీది వాయువు ఊడిపోతుందని చెబుతారు. ఇది గుంపులో లేదు, దాదాపు ఒంటరిగా ఉంది. దీనికి ఆ కథ సరిపోదు. ఏదో చిన్న గెలాక్సీని మింగినప్పుడు ఖర్చయిపోయిందా, మెల్లమెల్లగా నక్షత్రాలు చేసుకుంటూ ఆరిపోయిందా, ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మిగిలినవి మాత్రం ముసలి నక్షత్రాలు, పసుపు రంగువి. వాటి వెలుగంతా నడుమకి కుప్పపడి ఉంది.

ఆ కుప్పపడటమే మన పంట. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, ఇవాళ్టి మొత్తంలో పనికొచ్చే ముక్క ఇదే.

పుస్తకంలో ప్రతి గెలాక్సీకి మాగ్నిట్యూడ్ అని ఒక అంకె ఉంటుంది. అంకె తక్కువైతే వెలుగు ఎక్కువ. మన కదురుకి దాదాపు 8.9. సప్తర్షుల తోక దగ్గర ఎం 101 అని పెద్ద స్పైరల్ ఉంది, దానికి 7.9. అంటే అది రెండున్నర రెట్లు ఎక్కువ వెలుగు. మరి ఏది తేలిగ్గా కనిపించాలి? ఎం 101 అనే కదా అంటారు? ఎంతమంది దాన్ని వెతికి, లేదు పొమ్మని టెలిస్కోపు సర్దేశారో! నేనూ సర్దేశాను.

ఒక చెంచా నెయ్యి ఉందనుకోండి. ఒక్క ఇడ్లీ మీద వేస్తే తళతళలాడుతుంది. అదే నెయ్యి, పోనీ రెండున్నర చెంచాలు వేసుకోండి, నలభై ఇడ్లీలకి రాస్తే? వాసన కూడా రాదు. ఎం 101 వెలుగు ఆకాశంలో మన కదురు కన్నా నలభై రెట్లకి పైగా చోటులో పరుచుకుని ఉంది. దాదాపు నిండు చందమామంత వెడల్పు. ఆర్క్ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. కదురు పొడవు ఏడు ఆర్క్ నిమిషాలు, వెడల్పు రెండున్నర. చందమామ వెడల్పులో పావు వంతు కూడా లేదు. అందులోనూ సగం వెలుగు నడుమనే ఉంది. కాబట్టి ఊరి దీపాల కాంతి కాస్త ఉన్నా ఇది తట్టుకుంటుంది. చూడబోయే గెలాక్సీకి మాగ్నిట్యూడ్ ఒక్కటే చూడకండి, దాని కొలతలు కూడా చూడండి. నెయ్యి ఎంత అని కాదు, ఎన్ని ఇడ్లీలకి అని అడగండి. అమ్మా, ఆకలేస్తోందా? భోజనాలు ఎనిమిదికి, ఇంకాస్త ఓపిక పట్టండి.

దారి

ఎక్కడుంది ఇది? సెక్స్‌టాన్స్ అనే రాశిలో. పదిహేడో శతాబ్దంలో హెవేలియస్ అనే ఆయన పెట్టాడు ఆ రాశిని. ఆయన నక్షత్రాల స్థానాలు కొలిచే సెక్స్‌టాంట్ 1679లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ బాధతో దాన్ని ఆకాశంలో పెట్టుకున్నాడు. పాపం, అప్పటికి మిగిలిన చోటు అదే కాబోలు. చెప్పుకోదగ్గ నక్షత్రం ఒక్కటి లేదు అందులో. కాబట్టి రాశిని వెతక్కండి. దిక్కులు చెబుతాను.

మఖ నక్షత్రం తెలుసు కదా? సింహరాశిలో కొడవలి పిడి చివర తెల్లటి చుక్క, రెగ్యులస్ అంటారు. ఈ రాత్రి తొమ్మిదిన్నరకి దాదాపు నడినెత్తిన ఉంటుంది. చెయ్యి చాచండి. పూర్తిగా చాచండి బాబూ, మోచెయ్యి వంచకుండా. ఇప్పుడు జాన పట్టండి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఇరవై డిగ్రీలు. మఖ నుంచి నేరుగా దక్షిణానికి జానెడు దిగండి. అంతే, అక్కడుంది.

అది గురి చూసుకోడానికి ఇంకో పక్కనుంచి కూడా రండి. దక్షిణం వైపు ఒంటరిగా, నారింజ రంగులో ఒక చుక్క ఉంటుంది. ఆల్ఫార్డ్. అరబ్బీలో ఒంటరిది అని అర్థం. చుట్టూ ఏమీ ఉండదు, తప్పిపోయే పని లేదు. ఇది హైడ్రా, అంటే నీటిపాము గుండె. ఆ పాము తల మన ఆశ్లేష. ఆశ్లేషకి అధిదేవత ఎవరు? సర్పాలు. ఇటు మనకీ పామే, అటు గ్రీకులకీ పామే, చూడండి. సరే, ఆల్ఫార్డ్ నుంచి తూర్పుకి, దక్షిణం వైపు తిరిగి నిలబడితే ఎడమకి, చాచిన చేతి పిడికిలి ఒకటి. పిడికిలి అంటే పది డిగ్రీలు, దీనికి తొమ్మిది చిల్లర చాలు. ఒక డిగ్రీ ఉత్తరానికి ఎక్కండి. మఖ నుంచి దిగిన జానెడూ, ఇక్కడి నుంచి వచ్చిన పిడికిలీ ఎక్కడ కలుస్తాయో అక్కడ టెలిస్కోపు పెట్టండి.

ఫైండర్లో, అంటే టెలిస్కోపు మీదుండే చిన్న దుర్భిణిలో, చూస్తే పడమర అంచున గామా సెక్స్‌టాంటిస్ అని ఐదో తరగతి చుక్క, తూర్పు అంచున 17, 18 సెక్స్‌టాంటిస్ అని జంట చుక్కలు కనిపిస్తాయి. గెలాక్సీ ఆ జంటకి వాయవ్యంగా ఒకటిన్నర డిగ్రీల్లో.

అదంతా మాకు చేతకాదు మాస్టారూ అనేవాళ్లకి ఇంకో ఉపాయం. బద్ధకస్తుల ఉపాయం, నాకు చాలా ఇష్టమైనది. ఆల్ఫార్డ్‌ని ఐపీసులోకి, అంటే మనం కన్ను పెట్టే గాజులోకి, తీసుకోండి. ఒక డిగ్రీ మేర ఆకాశం కనిపించే ఐపీసు కావాలి, ఎనిమిది అంగుళాల డాబ్‌లో, అంటే చేత్తో తిప్పే సాదా టెలిస్కోపులో, 25 మిల్లీమీటర్లది సరిపోతుంది. ఇప్పుడు ట్యూబుని ధ్రువ నక్షత్రం వైపు కొద్దికొద్దిగా తొయ్యండి, ఆల్ఫార్డ్ అంచుకి వచ్చి జారిపోబోయేదాకా. ఆపండి. చెయ్యి తియ్యండి. గడియారం చూసుకోండి. వెళ్లి టీ తాగి రండి. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది నిమిషాల తర్వాత వచ్చి కన్ను పెడితే గెలాక్సీ తనంతట తనే ఐపీసులోకి నడిచొచ్చి ఉంటుంది. భూమి తిరుగుతోంది కదా, ఆ పని ఊరికే ఎందుకు పోవాలి? ఒక్కటే షరతు, ఈలోగా టెలిస్కోపుని ఎవరూ కదపకూడదు. పిల్లలూ, మీకే చెబుతున్నాను.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఈ గెలాక్సీని కనిపెట్టిన విలియం హెర్షెల్ పద్ధతి కూడా దాదాపు ఇదే. ఇంగ్లండ్‌లో స్లౌ అనే ఊళ్లో, ఇరవై అడుగుల పొడుగు టెలిస్కోపు, 18.7 అంగుళాల లోహపు అద్దం. దాన్ని దక్షిణానికి తిప్పి పెట్టి, పైకీ కిందకీ మాత్రం ఊపుతూ, ఆకాశం తనంతట తను ముందునుంచి జరిగిపోతుంటే చూస్తూ కూర్చునేవాడు. కనిపించింది అరిచి చెబితే, చెల్లెలు కరోలిన్ లోపల దీపం దగ్గర కూర్చుని రాసేది. ఆయన దీపం వైపు చూస్తే కళ్లు చెడిపోతాయి కదా, అందుకని. 1787 జనవరిలో యురేనస్‌కి రెండు చందమామలు పట్టాడు. ఆరు వారాలకి, ఫిబ్రవరి 22న, మన కదురు దొరికింది. ఆయనకి ఇది ఆకాశంలో ముప్పై ఒక్క డిగ్రీల ఎత్తులోనే. మనకిక్కడ అరవై నాలుగు. ఆయన మనకన్నా రెట్టింపుకి దగ్గరగా గాలి పొరలోంచి చూడాల్సొచ్చింది. అద్దం ఆయనది పెద్దది, ఆకాశం మనది మెరుగు.

ఇంత దూరం ఎందుకు, మన విశాఖపట్నంలోనే డాబాగార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు 1840లో సొంత అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపాడు. 1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటడం అక్కడి నుంచే చూశాడాయన. ఆయన పెట్టుకున్న కుక్ కంపెనీ దూరదర్శిని ఎంతది? ఆరు అంగుళాలు. ఇవాళ ఈ తోటలో ఆరు అంగుళాలవి రెండున్నాయి, ఎనిమిదివి మూడు, పన్నెండుది ఒకటి. డాబాగార్డెన్స్‌లో ఇప్పుడు నిలబడి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. హోర్డింగులు.

కంటితో పని

ఇప్పుడు టెలిస్కోపు పక్కన పెట్టండి. కన్ను గురించి మాట్లాడదాం. చీకట్లోకి వచ్చాక కన్ను పూర్తిగా సర్దుకోడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట కూడబెట్టింది ఒక్క ఫోను తెర రెండు సెకన్లలో తినేస్తుంది. బ్రైట్‌నెస్ తగ్గించాను సార్ అంటారు. తగ్గించినా సరే, జేబులో పెట్టండి. అట్లాసు చూడాలంటే ఎర్ర టార్చి.

రెండోది ఓరచూపు. నవ్వకండి! పెళ్లిచూపుల్లో పనికొచ్చిందో లేదో గాని, ఇక్కడ మాత్రం ఓరచూపే దిక్కు. మనం సూటిగా చూసే చోట, కంటి వెనక తెర మధ్యలో, రంగులు చూసే కణాలుంటాయి. అవి మసక వెలుగులో పనిచెయ్యవు. మసక వెలుగు పట్టే కణాలు దాని చుట్టూ, కాస్త ఎడంగా ఉంటాయి. అందుకని మసకగా ఉన్నదాన్ని చూడాలంటే దాని వైపు చూడకూడదు, పక్కకి చూడాలి. ఎటు పక్కకి? అది కూడా ఉంది. కుడి కన్ను పెడితే చూపు కుడికి జరపండి, ఎడమ కన్నయితే ఎడమకి. గెలాక్సీ మీ ముక్కు వైపు ఉండాలి. తిరగేసి చేస్తే గుడ్డి మచ్చ మీద పడి, ఉన్నది కూడా మాయమవుతుంది. ఇంకోటి, ట్యూబుని వేలితో మెల్లగా తట్టండి. కదిలేదాన్ని కన్ను ఇట్టే పట్టుకుంటుంది. పొదలో తొండ కదిలేదాకా మనకి కనిపించదు, అలాగే.

ఏం కనిపిస్తుంది? ఇలాంటి చీకట్లో 10×50 బైనాక్యులర్స్‌లో కూడా మసక చుక్కగా దొరుకుతుంది, ఎక్కడ చూడాలో తెలిస్తే. నాలుగు అంగుళాల్లో చిన్న గీత. ఆరు, ఎనిమిదికి వచ్చేసరికి కదురు ఆకారం. నడుమ ధగధగ, రెండు పక్కలా సాగి సాగి, మొనలు తేలి, ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు కరిగిపోతుంది. ఈశాన్యం నుంచి నైరృతికి వాలుగా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ఐపీసుతో పట్టుకున్నాక అక్కడే ఆగిపోకండి. పది మిల్లీమీటర్లది పెట్టండి, 120 రెట్లు. గెలాక్సీలకి ఎక్కువ పెద్దది చెయ్యకూడదని ఎవరో చెబుతుంటారు. ఎం 101 లాంటివాటికి అది నిజం. దీనికి కాదు. పెద్దది చేసిన కొద్దీ వెనకాల ఆకాశం నల్లబడుతుంది, ఈ నడుము మాత్రం నిలబడుతుంది. అప్పుడు చూడండి, సరిగ్గా మధ్యలో నక్షత్రంలా ఒక సూదిమొన. పన్నెండు అంగుళాల దాంట్లో, గాలి నిలకడగా ఉన్న క్షణంలో, ఆ ఉబ్బు లోపలనుంచి సన్నటి కాంతి గీత ఒకటి పొడుగునా వెళ్తూ కనిపిస్తుంది. అదే బిళ్ల. హబుల్ ఫోటోల్లో కలిసిపోయిన బిళ్ల. ఎప్పుడూ కనిపించదు. పది నిమిషాలు చూస్తే ఒక రెండు మూడుసార్లు తళుక్కుమంటుంది. కనిపించలేదంటే కనిపించలేదని రాసుకోండి, నా మాట విని ఊహించుకోవద్దు.

ఫిల్టర్ పెట్టాలా అని ఇందాక ఆ అబ్బాయి అడిగాడు. వద్దు బాబూ. నెబ్యులా ఫిల్టర్లు వాయువు వెదజల్లే ఒకటి రెండు రంగుల్ని రానిచ్చి మిగతావి ఆపుతాయి. ఇందులో వాయువే లేదని కదా చెప్పుకున్నాం, ఉన్నదంతా నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ ఉంటాయి. ఫిల్టర్ పెడితే గెలాక్సీని కూడా ఆపేస్తుంది. ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకుని ఇంకాస్త చీకటి ఊరికి వెళ్లండి.

నేను మొదటిసారి దీన్ని ఎలా చూశానో చెప్పనా? చూడలేదు. అదీ కథ. అరువు తెచ్చుకున్న ఆరు అంగుళాల టెలిస్కోపు, మాఘమాసం చివర, మంచు. ఫోటోల్లో గెలాక్సీలు చూసి చూసి, చుట్టలు చుట్టుకున్న చక్రం ఏదో కనిపిస్తుందని నా ఆశ. ఐపీసులో చిన్న తెల్ల మరక. మంచు పట్టిందనుకుని జేబురుమాలుతో తుడిచాను. మళ్లీ మరక. మళ్లీ తుడిచాను. తుడిచి తుడిచి, విసుగొచ్చి, పక్క రాశికి పోయాను. మూడో రాత్రి గాని బుర్ర వెలగలేదు. తుడిచింది మంచుని కాదు, మూడు కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్నదాన్ని! అప్పటినుంచి ఒక అలవాటు. అనుమానంగా మరక కనిపిస్తే ఐపీసుని చేత్తో గుండ్రంగా తిప్పండి. మరక దాంతో పాటు తిరిగితే గాజు మీద ఉన్నట్టు. తిరగకుండా నక్షత్రాలతో పాటే ఉంటే ఆకాశంలో ఉన్నట్టు. జేబురుమాలుతో మాత్రం ఎప్పుడూ తుడవద్దు, ఆ ఐపీసు మీద గీతలు ఇప్పటికీ ఉన్నాయి, ఇచ్చినాయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

మూడు కోట్లన్నాను కదా, లెక్కగా 3 కోట్ల 20 లక్షల కాంతి సంవత్సరాలు, అటూ ఇటూ. రాజమండ్రి దగ్గర నల్లరాతి లావా పొరలున్నాయి చూశారా? అవి ఆరున్నర కోట్ల ఏళ్ల నాటివి. ఆ లావా చల్లారి రాయై మూడు కోట్ల ఏళ్లు గడిచాక ఈ వెలుగు అక్కడ బయల్దేరింది. ఇవాళ రాత్రి పదింటికి ఈ తోటలో దిగుతుంది.

నడుమ సూదిమొన అన్నానే, దాని గురించి ఒక మాట చెప్పి ఆపుతాను. 1992లో జాన్ కోర్మెండీ, డగ్లస్ రిచ్‌స్టోన్ హవాయిలోని పెద్ద టెలిస్కోపుతో ఆ నడుమనున్న నక్షత్రాల వేగం కొలిచారు. అంత వేగంగా తిరుగుతున్నాయంటే, వాటిని పట్టి ఉంచే బరువు లోపల ఉండాలి. ఎంత బరువు? సుమారు వంద కోట్ల సూర్యులంత. మన పాలపుంత మధ్యలో ఉన్న నల్ల బిలం నలభై లక్షల సూర్యులంత. దాన్ని చిన్నపిల్ల చేసేసింది ఇది. 2011లో చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపుతో చూసినవాళ్లు, మిగిలిన కాస్త వాయువు ఆ బిలం వైపు జారుతూ, ఏడు వందల కాంతి సంవత్సరాల దూరం నుంచే వేడెక్కడం మొదలవుతోందని చెప్పారు. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన టెలిస్కోపు అది. ఆ సూదిమొన నల్ల బిలం కాదు, పొరబడకండి. అది బిలం చుట్టూ కిక్కిరిసిన నక్షత్రాలు. బిలం ఆ మొన లోపల ఎక్కడో, మన టెలిస్కోపుకి అందనంత చిన్నగా.

అంత బరువు ఉన్నా అది తిండి లేని బిలం. మీద పడే వాయువు అంతంత మాత్రం. దండిగా పడి ఉంటే ఈ నడుము క్వేజర్‌లా, అంటే వాయువు మింగుతూ ధగధగా వెలిగే గెలాక్సీ నడుములా, మండిపోయేది, మనం ఓరచూపుతో వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు.

సరే. టైమెంతయింది? ఏడు దాటింది. ఆల్ఫార్డ్ ఆగ్నేయంలో, అదిగో ఆ కొబ్బరిచెట్టుకి కుడిగా, నారింజ చుక్క. భోజనం అయ్యేసరికి ఇంకా పైకొస్తుంది. అందరికీ ఒక్కో తెల్లకాగితం, పెన్సిలు ఇస్తారు. కాగితం మీద గుండ్రం గీసి ఉంటుంది, అది మీ ఐపీసు. కనిపించింది అందులో గియ్యండి. బొమ్మ బాగా రావక్కర్లేదు. పక్క చుక్కలు ముందు పెట్టుకుని, వాటి మధ్య గెలాక్సీ ఎంత పొడుగుందో గుర్తు పెట్టండి. ఒక్కో టెలిస్కోపు దగ్గర ఒక్కొక్కరికి పది నిమిషాలు. వరసలో వెనకున్నవాళ్లు తొందర పెట్టకూడదు. ఒకరి కాగితం ఒకరు చూసుకోకూడదు, పరీక్షలో లాగే. పన్నెండింటికి అన్నీ పక్కపక్కన పరిచి చూద్దాం, ఎవరికి ఎంత పొడుగు కనిపించిందో.

అప్పటికి చిత్త కూడా బాగా పైకొస్తుంది. దానికి పడమరగా పిడికిలి దాటి కొంచెం పోతే ఎం 104, సోంబ్రెరో. అది కూడా దాదాపు పక్కకి తిరిగినదే, కాని దానికి నడుము మీదుగా నల్లటి దుమ్ము చార ఉంటుంది. ముందు కదురు చూసి తర్వాత దాన్ని చూడండి, వరస మార్చకండి. దుమ్ము లేకపోతే ఎలా ఉంటుందో చూశాక, ఆ చార తొందరగా దొరుకుతుంది.

బోరు దగ్గర లైటు ఆపేస్తున్నారు. టార్చిలకి ఎర్ర కాగితం కట్టారా అందరూ? కాలవ గట్టు మీద చూసుకుని నడవండి, చెప్పులు మాత్రం విప్పొద్దు. పదండి, ముందు భోజనం.